పిట్ట దగ్గరికి పోకు... పిట్ట వచ్చేకాడ కూసో!

చేతిలో ఫోన్ ఉంది. ఎదురుగా కిన్నెరసాని అడవి ఉంది. కొమ్మ మీద పాలపిట్ట ఉంది. మరి ఫొటో ఎందుకు బాగా రావడం లేదు? పాల్వంచ దారిలో ఒక పశువుల కాపరి తాత చెప్పిన పాఠం ఇది.

రెండేళ్ల కిందటి మాట. ఫిబ్రవరి నెలాఖరు, పొద్దున ఆరున్నర. పాల్వంచ దాటాక కిన్నెరసాని వైపు వెళ్లే దారిలో బైక్ పక్కకు ఆపి, చలికి కొంకర్లు పోతున్న వేళ్లతో ఫోన్ బయటికి తీశా. ఎదురుగా చెరువు కట్ట. కట్ట మీద ఆకులన్నీ రాల్చేసి ఒళ్లంతా ఎర్రగా పూసిన మోదుగ చెట్టు. దాని చిట్టచివరి కొమ్మ మీద పాలపిట్ట.

జూమ్ చేశా. పది రెట్లు... ఇరవై... ముప్ఫై. తెర మీద పిట్ట పెద్దదైంది కానీ పిట్టలా లేదు. నీళ్లలో తడిసిన రంగు కాగితంలా ఉంది. ఇంకాస్త దగ్గరికి వెళితే సరిపోతుందనుకుని పది అడుగులు వేశా. మరో పది వేశా. మూడోసారి కాలు ఎత్తానో లేదో, నీలం రెక్కలు విప్పుకుని ఎగిరిపోయింది.

"నువ్వు దాని మీదికి పోతే అది ఉంటదా బాబూ?" వెనక నుంచి ఒక గొంతు. భుజాన కర్ర, తలకు తువ్వాల, ముందు పది పన్నెండు పశువులు. "పిట్ట దగ్గరికి నువ్వు పోకు. పిట్ట వచ్చేకాడ నువ్వు కూసో. అది మళ్లీ ఆడికే వస్తది. దాని జాగా అది."

సరే తాతా అని కట్ట కింద బండరాయి మీద కూర్చున్నా. పావుగంట గడిచింది. నిజంగానే వచ్చింది. అదే చెట్టు, అదే కొమ్మ. ఈసారి జూమ్ జోలికి పోలేదు. చెట్టు మొత్తం, కట్ట, కట్ట మీద వరసగా నడుస్తున్న పశువులు, వెనకాల మంచులో మసగ్గా కనిపిస్తున్న గుట్టలు... అన్నీ పడేలా తీశా. అందులో పిట్ట చిటికెన వేలి గోరంత కూడా లేదు.

తాతకు రెండు ఫొటోలూ చూపించా. మొదటిది చూసి "ఏందిది?" అన్నాడు. రెండోది చూడగానే మొహం విప్పారింది. "ఇది మా కట్ట! ఇగో మోదుగ చెట్టు. అగో... పాలపిట్ట!"

అదీ వరస. ముందు ఊరు, తర్వాత చెట్టు, ఆ తర్వాత పిట్ట. ఆయన కళ్లు ఫొటోలో ప్రయాణం చేసి పిట్టను వెతికి పట్టుకున్నాయి. పిట్టల ఫొటోల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

నూట ముప్ఫై పిట్టల లెక్క

ఫోన్‌తో పిట్టల ఫొటోలు తీసేవాళ్లందరిదీ ఒకటే బాధ. "దగ్గరగా రావడం లేదు". ఇది మీ తప్పు కాదు, మీ ఫోన్ తప్పూ కాదు. చిన్న లెక్క చూడండి.

పాలపిట్ట పొడవు సుమారు 32 సెంటీమీటర్లు. అది మీకు 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఫోన్‌లో మామూలు 1ఎక్స్ కెమెరా ఆ దూరంలో అడ్డంగా 40 మీటర్లకు పైగా జాగాను ఫ్రేమ్‌లోకి తీసుకుంటుంది. అంటే దాదాపు నూట ముప్ఫై పాలపిట్టలను వరసగా పేర్చినంత వెడల్పు. అందులో మన పిట్ట ఒక్కటే! 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డంగా దాని వాటా ముప్ఫై పిక్సెళ్లకు అటూ ఇటూ అంతే. దాన్ని డిజిటల్ జూమ్‌తో లాగితే కొత్తగా వచ్చేదేమీ ఉండదు. ఉన్న ముప్ఫై పిక్సెళ్లనే ఫోన్ సాగదీసి, మిగతాది తనకు తోచినట్టు పూరిస్తుంది. అందుకే ఆ తడిసిన కాగితం వాలకం.

మరి లక్షలు పోసి పెద్ద లెన్స్ కొనాలా? కొనగలిగితే కొనండి, కాదనను. కానీ పెద్ద లెన్స్‌తో తీసిన ఫొటోల్లో చాలావాటిని గమనించారా? పిట్ట కంటి రెప్ప దగ్గర్నుంచి స్పష్టంగా ఉంటుంది. వెనకాల మాత్రం ఆకుపచ్చ రంగు పులిమినట్టు ఉంటుంది. ఆ పిట్ట కిన్నెరసానిలోది అన్నా నమ్మాలి, హైదరాబాద్ జూపార్కులోది అన్నా నమ్మాలి.

మన ఫోన్ ఆ పని చేయలేదు. అది చేయగలిగింది వేరే ఉంది. పిట్టను దాని ఇంటితో సహా చూపించగలదు. ఆ పనిలో దానికి సాటి లేదు. కాబట్టి లేనిదాని కోసం పాకులాడకుండా, ఉన్నదాన్ని వాడుకుందాం.

చోటు ఎందుకంత ముఖ్యం?

"ఫొటో అందంగా ఉంటే చాలదా, ఏ ఊరైతే ఏంటి?" అంటారా? ఈ అడవి అంచున ఆ మాట చెల్లదు. ఎందుకో మూడు సంగతులు చెబుతా.

మొదటిది అడవి కోడి. మన దేశంలో రెండు రకాలున్నాయి. ఉత్తరాన, ఈశాన్యంలో ఎర్ర అడవి కోడి. దక్షిణాదిలో బూడిద రంగు అడవి కోడి. తూర్పు వైపు ఈ రెంటి ఎల్లలూ కలిసేది గోదావరి ప్రాంతంలోనే. అంటే భద్రాచలం చుట్టుపక్కల అడవి కోడి కనబడితే, అది ఏ రకం, నదికి ఏ ఒడ్డున కనబడింది అన్నది పెద్ద విషయం. ఫొటోలో కోడి ఒక్కటే ఉంటే సగం సమాచారమే. దాని వెనక వెదురు పొద, గోదావరి ఇసుక, దూరంగా పాపికొండలు కనబడితే అది సాక్ష్యం.

రెండోది కలివి కోడి. 1848లో జెర్డాన్ అనే డాక్టరు లోకానికి పరిచయం చేసిన ఈ పిట్ట, ఆ తర్వాత కనుమరుగైపోయింది. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. ఈ కథ చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, 19వ శతాబ్దంలో బ్లాన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఇదే పిట్టను గోదావరి లోయలో, సిరొంచ, భద్రాచలం పరిసరాల్లో చూసినట్టు రికార్డయింది. అవును, మన భద్రాచలమే! అప్పట్లో జేబులో కెమెరా ఎవరికుంది? మనకు మిగిలింది ఊరి పేరు. ఆ పిట్ట తిరిగిన తుప్పలు ఎంత ఎత్తున ఉండేవి, నేల ఎలా ఉండేది, చుట్టూ ఏ చెట్లు ఉండేవి? ఒక్క ఫొటో ఉంటే ఇవన్నీ తెలిసేవి.

మూడోది మన పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు జమ్మి పూజ అయ్యాక దీన్ని చూస్తే మంచిదని ఊరి పొలిమేర దాకా వెళతాం. కానీ 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ఒక చేదు మాట చెప్పింది. దేశంలో 942 రకాల పక్షులను పరిశీలించి, ఇప్పటిదాకా మామూలే అనుకున్న 14 రకాల పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ అంచనా వేయాలని సూచించింది. ఆ 14లో పాలపిట్ట ఒకటి. ఈ నివేదికకు లెక్కలు ఇచ్చింది ఎవరు? దాదాపు 30 వేల మంది మామూలు పక్షి ప్రేమికులు. ఫోన్‌లో 'ఈబర్డ్' యాప్ పెట్టుకుని తాము చూసిన పిట్టలను నమోదు చేసినవాళ్లు. మీలాంటి వాళ్లే, నాలాంటి వాళ్లే.

కాబట్టి మీరు తీసే ఫొటో ఇన్‌స్టాలో లైకుల కోసమే కాదు. ఇరవై ఏళ్ల తర్వాత "ఇక్కడ పాలపిట్ట ఉండేదా?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి కూడా.

ముందు వేదిక... తర్వాతే నటుడు

నాటకంలో ముందు స్టేజీ కడతారు, తర్వాతే నటుడు వస్తాడు. పిట్టల ఫొటో కూడా అంతే. పిట్ట వెంట పడకండి. ముందు మంచి చోటు చూసుకుని, ఫ్రేమ్ సరిచేసుకుని, తర్వాత పిట్ట కోసం ఎదురుచూడండి. మన ఖమ్మం-భద్రాచలం దారిలో అలాంటి వేదికలకు కొదవ లేదు.

మోదుగ, బూరుగ: ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ చెట్లకు ఆకు ఉండదు, పువ్వే ఉంటుంది. తేనె కోసం గోరింకలు, పికిలి పిట్టలు, తేనె పిట్టలు, చిలుకలు... ఒకటి పోతే ఒకటి వస్తూనే ఉంటాయి. ఆకులు లేవు కాబట్టి అడ్డం ఉండదు. పూలు ఎక్కువగా ఉన్న కొమ్మను ఫ్రేమ్‌లో ఒక పక్కకు పెట్టి, రెండో పక్క ఆకాశం వదలండి. పిట్ట వచ్చి వాలే చోటు మీకు ముందే తెలిసిపోతుంది.

మిర్చి కల్లాలు: ఖమ్మం అంటే మిర్చి. అదే రోజుల్లో పొలాల పక్కన ఎర్రటి తివాచీ పరిచినట్టు మిరపకాయలు ఆరబోస్తారు. పక్కనే కరెంటు తీగ. తీగ మీద పాలపిట్ట. కూర్చున్నప్పుడు అది గోధుమ రంగులో ముడుచుకుని ఉంటుంది. పురుగు కనబడి కిందికి దూకినప్పుడే ఆ నీలం రెక్కలు విచ్చుకుంటాయి. అందుకని కల్లం ఫ్రేమ్‌లో సగం ఉండేలా పెట్టుకుని, అది కదిలే సమయానికి బర్స్ట్ మోడ్‌లో వరసగా ఇరవై ఫొటోలు లాగించేయండి. ఎరుపు మీద నీలం... ఒక్కటి కుదిరినా చాలు!

పశువులు: నల్లగా, చీలిన తోకతో బర్రె వీపు మీద దర్జాగా కూర్చునే ఏట్రింతను చూసే ఉంటారు. మన పల్లెల్లో దానికి పసుల పోలిగాడు అని పేరు. గేదె నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగులు దానికి విందు. కాళ్ల దగ్గర తెల్ల కొంగలు కూడా అందుకే తిరుగుతాయి. ఇక్కడ పిట్టతో పాటు గేదె, కాపరి, పొలం అన్నీ ఉంటేనే కథ. ఇంకో లాభం కూడా ఉంది. పశువులంటే పిట్టలకు భయం లేదు. ఇంగ్లండ్‌లో 1892లో పక్షి గూడును మొదటిసారి ఫొటో తీసిన కియర్టన్ సోదరులు, ఆ తర్వాత పిట్టలకు దొరక్కుండా ఉండడానికి లోపల డొల్లగా ఉండే ఉత్తుత్తి ఎద్దునే తయారు చేయించి అందులో దాక్కున్నారు. మనకు ఆ ఖర్చు లేదు. అసలు ఎద్దులే ఉన్నాయి. కాపరిని అడిగి మంద వెంట నెమ్మదిగా నడవండి చాలు.

నీళ్లు: కిన్నెరసాని రిజర్వాయర్, ఊరి చెరువులు, దుమ్ముగూడెం దగ్గర గోదావరి. పొద్దున్నే గాలి లేనప్పుడు నీళ్లు అద్దంలా ఉంటాయి. నీళ్లలోంచి పొడుచుకొచ్చిన మోడు మీద నీటి కాకి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటూ కనిపిస్తుంది. నిలబడి తీయొద్దు. కూర్చోండి, కుదిరితే ఫోన్‌ను నీటి మట్టానికి దగ్గరగా పట్టుకోండి. పిట్ట, దాని నీడ రెండూ పడతాయి. ఎదురు వెలుగు అయితే ఇంకా మంచిది. పిట్ట నల్లటి బొమ్మలా వస్తుంది, అప్పుడు పిక్సెళ్ల బాధే లేదు. అయితే ఒక్క మాట. కిన్నెరసానిలో మొసళ్లు ఉన్నాయి. నీటి అంచుకు దిగడం వద్దు, కట్ట మీద నుంచే తీయండి.

ఫోన్‌లో ఐదు చిట్కాలు

ఒకటి, సెట్టింగ్స్‌లో గ్రిడ్ లైన్లు ఆన్ చేయండి. తెర తొమ్మిది గళ్లుగా విడిపోతుంది. గీతలు కలిసే నాలుగు చోట్లలో ఒకచోట పిట్టను ఉంచండి. అది ఎటు చూస్తోందో అటువైపు ఎక్కువ ఖాళీ వదలండి. గోడకు మొహం పెట్టి నిలబడ్డ మనిషిని చూస్తే మనకు ఎలా ఉంటుంది? చూపు ముందు జాగా లేని పిట్ట కూడా అలాగే కనబడుతుంది.

రెండు, పిట్ట చిన్నగా ఉన్నప్పుడు దాని వెనక భాగం శుభ్రంగా ఉండాలి. ఆకుల గుబురు ముందు చిన్న పిట్ట కలిసిపోతుంది. మీరు రెండడుగులు పక్కకు జరిగితే అదే పిట్ట ఆకాశం ముందుకో, నీళ్ల ముందుకో, మంచు ముందుకో వస్తుంది. పిట్టను కదిలించలేం, మనం కదలగలం. అయితే పక్కకే తప్ప ముందుకు కాదు!

మూడు, మీ ఫోన్‌లో నిజమైన టెలిఫొటో లెన్స్ ఎంతదో తెలుసుకోండి. కొన్నిట్లో 2ఎక్స్, కొన్నిట్లో 3ఎక్స్, 5ఎక్స్ ఉంటుంది. అక్కడితో ఆగండి. ఆపైన జరిగేదంతా సాగదీత.

నాలుగు, తెల్ల కొంగను తీస్తే సున్నం పూసినట్టు వస్తోందా? కొంగ మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే వెలుతురు తగ్గుతుంది. చుట్టూ కాస్త చీకటిగా అయినా సరే, కొంగ ఈకలు విడివిడిగా కనబడాలి.

ఐదు, ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ ఉంటే ఒక కంటి అద్దానికి ఫోన్ కెమెరాను ఆనించి చూడండి. మొదట్లో నల్లటి వలయం వస్తుంది. అటూ ఇటూ సర్దితే కుదురుతుంది. దగ్గరి ఫొటో తప్పక కావాలంటే ఇది చవకైన దారి. పిట్ట ఉన్నచోటే ఉంటుంది, మీరు ఉన్నచోటే ఉంటారు.

తీతువుకు అపశకునం... నేనే!

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. తాత పాఠం చెప్పినా, నాకు బుద్ధి వెంటనే రాలేదు.

అదే ఏడాది ఏప్రిల్. ఒక చెలక అంచున నడుస్తుంటే తీతువు పిట్ట ఒకటి తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. చూస్తే నేల మీద, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. రాళ్లలో కలిసిపోయే మచ్చలు. గూడు అంటూ ఏమీ లేదు, చిన్న గుంట అంతే. నాకు పండగ. ముందు గుడ్లు, వెనక తల్లి, ఆ వెనక ఎండిన చేను, తాటి చెట్లు... ఎంత మంచి ఫ్రేమ్! చోటుతో సహా పిట్ట! నేను నేర్చుకున్నదంతా అందులో ఉంది. తల్లి వచ్చి గుడ్ల మీద కూర్చుంటే తీయాలని అక్కడే నాలుగడుగుల దూరంలో కూర్చున్నా. అది రాలేదు. అరుస్తూనే ఉంది. ఇరవై నిమిషాలు, అరగంట. టైమ్ పదకొండున్నర.

తర్వాత తెలిసింది. ఎండాకాలంలో తీతువు గుడ్ల మీద కూర్చునేది వేడి ఇవ్వడానికి కాదు, నీడ ఇవ్వడానికి. నీళ్ల దగ్గరికి వెళ్లి పొట్ట కింది ఈకలు తడుపుకుని వచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. నేను ఫ్రేమ్ చూసుకుంటున్న ఆ అరగంట సేపు ఆ గుడ్లు ఖమ్మం ఎండలో మాడాయి. దానికి తోడు, నేను ఎక్కడ కూర్చున్నానో పక్క చెట్టు మీది కాకులు చూస్తూనే ఉన్నాయి.

మర్నాడు వెళితే గుంట ఖాళీ. తీతువు అరుపు లేదు. కాకి ఎత్తుకెళ్లిందో, ఇంకేమైనా జరిగిందో నాకు తెలియదు. నా వల్లే అని రుజువు లేదు. నా వల్ల కాదని కూడా రుజువు లేదు. తీతువు అరిస్తే మనకు అపశకునం అంటారు పెద్దలు. ఆ రోజు ఆ పిట్టకు అపశకునం నేనే.

ఆ ఫొటో నా ఫోన్‌లో ఇంకా ఉంది. చూడ్డానికి బాగుంటుంది కూడా. ఎక్కడా పోస్ట్ చేయలేదు. చేయను.

ఇవి మాత్రం వద్దు

గూడు కనబడితే వెనక్కి తిరగండి. ఒక్క ఫొటో కూడా వద్దు. ఇప్పుడు చాలా ప్రకృతి ఫొటో పోటీలు, ఆన్‌లైన్ గ్రూపులు గూటి ఫొటోలను అసలు తీసుకోవడమే లేదు. పొరపాటున తీసినా లొకేషన్‌తో షేర్ చేయకండి. మీ పోస్టు చూసి రేపు పదిమంది వస్తారు.

ఫోన్‌లో పిట్ట కూత ప్లే చేసి పిలవకండి. తన ఇలాకాలోకి ఇంకో మగ పిట్ట వచ్చిందనుకుని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. మీకు అది ఒక ఫొటో, దానికి అది ఒక యుద్ధం.

కొమ్మలు విరిచి, పొదలు నరికి ఫ్రేమ్ "శుభ్రం" చేయకండి. ఆ అడ్డమే దానికి రక్ష.

దసరాకు పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపించి డబ్బులు అడిగేవాళ్లు వస్తారు. డబ్బులివ్వకండి, దాంతో సెల్ఫీ దిగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. ఎగిరే పాలపిట్టను చూస్తేనే పండగ.

ఇక కిన్నెరసాని అభయారణ్యం. 635 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. డ్యామ్ దగ్గర పర్యాటకులు తిరిగే చోటు వేరు, లోపలి అడవి వేరు. అభయారణ్యంలోకి వెళ్లడానికీ, ఫొటోలు తీయడానికీ అటవీ శాఖ అనుమతి ఉండాలి. డ్రోన్ సంగతి సరే సరి. పైగా ఇది రాష్ట్రాల సరిహద్దు ప్రాంతం. ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్లడం పిట్టలకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. నిజం చెప్పాలంటే వెళ్లనక్కర్లేదు కూడా. నేను పైన చెప్పిన వేదికల్లో చాలావరకు రోడ్డు పక్కన, ఊరి అంచున ఉన్నవే.

క్యాప్షన్ కూడా ఫొటోలో భాగమే

ఖమ్మం రూరల్ మండలం చింతపల్లి పేరు వినే ఉంటారు. ఊళ్లోని చింత చెట్ల మీద కొంగలు గుంపులుగా గూళ్లు కట్టడంతో ఆ ఊరికి పేరొచ్చింది. అందరూ "సైబీరియా కొంగలు" అంటారు. పేపర్లలో కూడా అలాగే రాస్తుంటారు. కానీ అవి ఎర్రకాళ్ల కొంగలు. సైబీరియాతో వాటికి సంబంధం లేదు, మన ఉపఖండపు పక్షులే. అసలు సైబీరియా కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు చలికాలంలో వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనబడలేదు. పైగా అది చెట్టెక్కి గూడు కట్టే రకమే కాదు.

మరి అక్కడ ఉన్నవన్నీ గూళ్లే కదా, ఫొటో తీయొచ్చా అంటే, అక్కడ మనుషుల మధ్యే అవి బతుకుతున్నాయి. వీధిలో నడిచే మనిషి వాటికి కొత్త కాదు. వీధిలో నడిచే మనిషిలాగే ఉండండి. చెట్టు కిందికి గుంపుగా వెళ్లకుండా, చప్పుడు చేయకుండా, దూరం నుంచి తీయండి. ఇంటి పెంకులు, వాకిట్లో ముగ్గు, పైన చింత కొమ్మల నిండా కొంగలు... అలాంటి ఫ్రేమ్ ఏ పెద్ద లెన్స్‌కూ దొరకదు. వెడల్పుగా చూసే ఫోన్‌కే దొరుకుతుంది. కింద క్యాప్షన్‌లో పిట్ట అసలు పేరు, ఊరు, తేదీ రాయండి. పేరు తెలియకపోతే 'మెర్లిన్' యాప్‌ను అడగండి. అదీ కాకపోతే ఊరి పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పే పేరు యాప్‌లో దొరకదు, దాన్ని కూడా రాసుకోండి.

ఈ నేలకు పిట్టల పేర్లు కొత్త కాదు. భద్రాచలం పక్కనే ఎటపాక ఉంది. సీతమ్మను ఎత్తుకెళుతున్న రావణుణ్ణి జటాయువు అడ్డుకున్న చోటు అదేనని, జటాయుపాకే ఎటపాక అయిందని స్థలపురాణం. ఆ పక్షి రెక్క తెగి పడిన చోటు రేకపల్లి అయిందంటారు. ఒక పక్షి కథను ఇక్కడివాళ్లు ఎలా గుర్తు పెట్టుకున్నారో చూడండి. దాని ఈకల రంగు ఎవరికీ గుర్తు లేదు. ఎక్కడ నిలబడిందో, ఎక్కడ పడిందో మాత్రం గుర్తుంది.

ఆ చెట్టు ఫొటో ఉన్నదా?

మొన్న ఫిబ్రవరిలో మళ్లీ ఆ కట్ట దగ్గరికి వెళ్లా. కట్ట వెడల్పయింది. మీద కొత్త మట్టి రోడ్డు. మోదుగ చెట్టు లేదు. అది ఉన్నచోట కంకర కుప్ప. పాలపిట్ట మాత్రం ఉంది. కాస్త అవతల కరెంటు తీగ మీద కూర్చుంది.

తాత కనిపించాడు. పశువులు తగ్గాయి, నాలుగే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి, పలకరింపులయ్యాక అడిగాడు. "బాబూ, అప్పుడు తీసినవు గదా... ఆ చెట్టు ఫొటో ఉన్నదా?"

ఉంది. ఆ రోజు జూమ్ చేసి తీసిన ఫొటో ఎప్పుడో డిలీట్ చేసేశా. వెడల్పుగా తీసింది మాత్రం ఉంది. చూపించా. చాలాసేపు చూశాడు. ఈసారి కూడా అదే వరస. కట్ట, చెట్టు, పిట్ట. చివర్లో ఒక మాట కొత్తగా కలిసింది. "అగో, మా ఎర్రావు! అది కూడా లేదిప్పుడు."

ఆ వారం పాల్వంచలో ప్రింట్ తీయించి తాతకు ఇచ్చా. ఇంట్లో గోడకు పెట్టుకున్నాడట.

రేపు పొద్దున్నే లేవండి. మీ ఊరి చెరువు కట్టో, స్కూలు వెనక వేపచెట్టో, మీ డాబా ఎదురుగా ఉన్న కరెంటు తీగో... ఒక చోటు ఎంచుకోండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా కలిసి పిట్టలను లెక్కపెట్టే 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' జరుగుతుంది. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుంటే చాలు, అందులో మీరూ ఉన్నట్టే. కూర్చోండి. కదలకండి. పిట్ట అదే వస్తుంది. వచ్చాక, దాని చుట్టూ ఉన్న ఊరును కూడా ఫొటోలో పట్టనివ్వండి.